పంతులమ్మలు పన్ను లెక్క తీశారు

కార్మికోద్యమ చరిత్ర ధారావాహిక - 9వ భాగం

గత భాగంలో 1894 నాటి పుల్‌మన్ సమ్మె చూశాం. షికాగో వీధుల్లో సైన్యం దిగింది. ఫెడరల్ కోర్టు సమ్మెను ఆపమని ఇంజంక్షన్ ఇచ్చింది. రైలు కార్మికుల నాయకుడు యూజీన్ డెబ్స్ జైలుకు వెళ్లాడు. అంత పెద్ద సమ్మె అణిగిపోయిన మూడేళ్లకు, 1897లో, అదే ఊళ్లో ఇంకో సంఘం పుట్టింది. ఈ సంఘం సభ్యులు ఇంజన్లు నడిపేవాళ్లు కారు, ఇనుము కరిగించేవాళ్లూ కారు. ప్రాథమిక బడుల్లో పాఠాలు చెప్పే ఆడవాళ్లు. పేరు షికాగో టీచర్స్ ఫెడరేషన్.

షికాగో అనగానే మనకు 1893 సర్వమత మహాసభలో వివేకానందుడు, 1886 నాటి హేమార్కెట్, మేడే గుర్తొస్తాయి. ఈ పంతులమ్మల కథ మన దగ్గర పెద్దగా ఎవరూ చెప్పుకోరు. మేడే గురించి ఎంత చెప్పుకుంటామో దీని గురించీ అంత చెప్పుకోవాలని నా అభిప్రాయం. ఎందుకంటే వీళ్లు ఒక్కరోజు కూడా సమ్మె చేయలేదు, వీళ్లకు ఓటు లేదు, వీళ్లను అరెస్టు చేయడానికి ఎవరూ రాలేదు. వీళ్లు పట్టుకున్నది నగరం జమాఖర్చుల పుస్తకాలను. జీతం పెంచడానికి డబ్బు లేదన్న జవాబు విని ఇంటికి పోకుండా, ఆ డబ్బు ఎవరి దగ్గర ఆగిపోయిందో వెతుక్కుంటూ వెళ్లారు.

ఆనాటి షికాగో బడి ఎలా ఉండేదో ముందు చూడాలి. 1880లో ఆ నగర జనాభా 5 లక్షలు. 1900 నాటికి 17 లక్షలు. జర్మనీ, ఐర్లండ్, పోలండ్, బొహీమియా, ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాలు కబేళాల చుట్టూ, ఉక్కు మిల్లుల చుట్టూ ఇరుకు వాడల్లో కాపురం పెట్టాయి. వాళ్ల పిల్లలంతా బడికి వచ్చారు. ఒక్కో గదిలో 60 మంది దాకా ఉండేవాళ్లు. వాళ్లలో చాలామందికి ఇంగ్లీషు ముక్క రాదు. ఆ 60 మందికీ అక్షరాలు దిద్దించి, లెక్కలు నేర్పి, చలికాలంలో దగ్గుతో వచ్చినవాళ్లను కనిపెట్టుకుని ఉండాల్సింది ఒక్క టీచరు.

ఆమె జీతం ఎంత? 1877లో కట్టిన స్కేలే ఇరవై ఏళ్ల తర్వాతా నడుస్తోంది. కింది తరగతుల టీచరుకు ఏళ్ల తరబడి పనిచేశాక అందే గరిష్ఠ జీతం ఏడాదికి 800 డాలర్లు. నగరం మూడింతలు పెరిగింది, అద్దెలు పెరిగాయి. జీతం మాత్రం కదలలేదు. హైస్కూలు టీచర్లకు, ప్రిన్సిపాళ్లకు వేరే స్కేళ్లు, వేరే గౌరవం. ప్రాథమిక తరగతులు చెప్పేది దాదాపు అందరూ ఆడవాళ్లే కాబట్టి అది పెళ్లయ్యేదాకా చేసుకునే పని అనే ఆలోచన బోర్డు పెద్దల్లో బలంగా ఉండేది. నిజానికి ఆ జీతం మీద తల్లిదండ్రులను, తమ్ముళ్లను, చెల్లెళ్లను పోషిస్తున్న వాళ్లు అందులో ఎందరో.

సంఘం పుట్టడానికి మొదటి కదలిక పెన్షన్ దగ్గర వచ్చింది. 1895లో ఇల్లినాయ్ రాష్ట్రం షికాగో టీచర్లకు పెన్షన్ చట్టం చేసింది. జీతంలోంచి నూటికి ఒకటి చొప్పున కోసి నిధిలో వేస్తారు. కొద్దికాలానికే, ఎక్కువ జీతాలు తీసుకునేవాళ్లు కొందరు తమ కోత ఎక్కువ, లాభం తక్కువ అంటూ ఆ చట్టం మీద గొణుగుడు మొదలెట్టారు. నిధి నిలబడాలంటే దానిమీద ఎక్కువగా ఆధారపడ్డవాళ్లు ఒకచోట చేరక తప్పలేదు. అలా చేరినవాళ్లే జీతాల సంగతీ ఎత్తుకున్నారు. కొద్ది కాలంలోనే నగరంలోని ప్రాథమిక ఉపాధ్యాయినుల్లో సగానికి పైగా ఫెడరేషన్‌లో చేరిపోయారు. 1898లో బోర్డు దిగివచ్చి కొత్త స్కేలు ప్రకటించింది. ఏటా కొంత చొప్పున పెంచుతూ గరిష్ఠ జీతాన్ని 1000 డాలర్లకు తీసుకెళ్తామంది.

ఈ లోపు ఇంకో ప్రమాదం ముంచుకొచ్చింది. షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ నాయకత్వంలో ఒక కమిషన్ బడుల నిర్వహణను మార్చాలని నివేదిక ఇచ్చింది. 1899లో అది బిల్లయింది. టీచర్ల నియామకాలు, తొలగింపులు, పాఠ్యక్రమం అన్నీ సూపరింటెండెంట్ చేతిలో పెట్టాలన్నది దాని సారం. మగ టీచర్లను ఆకర్షించడానికి వాళ్లకు ఎక్కువ జీతాలివ్వాలన్న సూచన కూడా ఆ నివేదికలో ఉంది. ఇరవై ఏళ్లుగా ఎదుగూబొదుగూ లేని జీతాల మీద బతుకుతున్నవాళ్లకు ఈ మాట ఎంత గుచ్చుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు. ఫెడరేషన్ ఆ బిల్లును వ్యతిరేకిస్తూ వేల సంతకాలు సేకరించింది. బిల్లు ఓడిపోయింది. పెద్ద విశ్వవిద్యాలయం వెనక నిలబడ్డ బిల్లును తాము ఆపగలిగామన్న ధైర్యం ఆ టీచర్లకు తర్వాతి పోరులో అక్కరకొచ్చింది.

కొత్త స్కేలు ప్రకారం మొదటి పెంపు చేతికి వచ్చింది. తర్వాతిది రాలేదు. 1900 సంవత్సరం మొదలయ్యేసరికి బోర్డు చేతులెత్తేసింది. ఖజానాలో డబ్బు లేదు, పెంపు రద్దు అంది. మన దగ్గర డీఏ బకాయిల కోసం, పీఆర్సీ కోసం ఎదురుచూసిన ఏ టీచరుకైనా ఈ వాక్యం కొత్తగా అనిపించదు.

ఇక్కడ ఇద్దరిని పరిచయం చేయాలి. ఒకరు కేథరిన్ గాగిన్, అప్పటికి ఫెడరేషన్ అధ్యక్షురాలు. నిదానస్తురాలు, మాటకారి, అందరినీ కలుపుకుపోయే మనిషి. రెండోవారు మార్గరెట్ హేలీ. 1861లో జోలియట్‌లో ఐరిష్ కుటుంబంలో పుట్టింది. చిన్న వయసులోనే పల్లెటూరి బడిలో పాఠం చెప్పడం మొదలెట్టింది. తర్వాత షికాగోలో కబేళాల ప్రాంతంలోని హెండ్రిక్స్ బడిలో ఆరో తరగతి టీచరుగా చాలా ఏళ్లు పనిచేసింది. మనిషి పొట్టి, గొంతు గట్టిది. ఒక పట్టు పడితే వదిలే రకం కాదు. బోర్డు జవాబు విన్నాక వీళ్లిద్దరూ బడికి సెలవు పెట్టారు. సంఘం హేలీకి జీతమిచ్చి పూర్తికాలం పనికి పెట్టుకుంది. ఆమె మళ్లీ తరగతి గదికి వెళ్లలేదు.

వాళ్లు వేసుకున్న ప్రశ్న చాలా సూటిది. బడులు నడిచేది ఆస్తిపన్ను మీద. నగరం ఇంతలా పెరుగుతుంటే, భూమి విలువ ఆకాశానికి అంటుతుంటే, బడి ఖజానా ఎలా ఖాళీ అవుతుంది? పన్ను ఎవరు కట్టడం లేదు?

దీనికి జవాబు ఏ ఉపన్యాసంలోనూ దొరకదు. చట్టాల పుస్తకాల్లో, పన్ను రికార్డుల్లో, కంపెనీల వాటాల ధరల్లో వెతకాలి. ఇల్లినాయ్ చట్టం ప్రకారం స్థానిక అధికారులు కంపెనీల కంటికి కనిపించే ఆస్తికి, అంటే భవనాలు, పట్టాలు, గొట్టాలు, యంత్రాలకు విలువ కట్టేవాళ్లు. కానీ ట్రామ్ కంపెనీ అసలు విలువ దాని పట్టాల్లో లేదు. నగరం వీధిలో పట్టాలు వేసుకునే హక్కు దానికి ఉంది, ఇంకొకరికి లేదు. ఆ హక్కునే ఫ్రాంఛైజ్ అంటారు. గ్యాస్ కంపెనీకీ, విద్యుత్ కంపెనీకీ, టెలిఫోన్ కంపెనీకీ అంతే. వీధి జనానిది, లాభం కంపెనీది. చట్టం దీన్నీ వదిలిపెట్టలేదు. కంపెనీ వాటాలకు, బాండ్లకు బజారులో ఉన్న మొత్తం విలువ ఎంతో చూసి, అందులోంచి స్థానికంగా అప్పటికే పన్ను పడిన ఆస్తి విలువ తీసేసి, మిగిలినదానికి పన్ను వేయమంది. ఆ పని చేయాల్సింది రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కూర్చునే రాష్ట్ర ఈక్వలైజేషన్ బోర్డు. ఆ బోర్డు షికాగో పెద్ద కంపెనీల విషయంలో ఆ లెక్క కట్టడమే మానేసింది.

చట్టం ఉంది, దాన్ని అమలుచేసే అధికారి ఉన్నాడు, పన్ను పడాల్సిన ఆస్తి ఉంది. పన్ను మాత్రం లేదు. హేలీ, గాగిన్ ఈ సంగతి పట్టుకున్న విధానం నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. ఆరో తరగతి పిల్లలకు తీసివేతలు నేర్పిన మనిషి, అదే తీసివేతను కోట్ల డాలర్ల కంపెనీల మీద ప్రయోగించింది. మొత్తం విలువ ఇంత, పన్ను పడింది ఇంత, తేడా ఇంత. ఆ తేడా మీద ఏటా రావలసిన పన్ను ఇరవై లక్షల డాలర్లకు పైగా తేలింది.

ఇది తేల్చాక వాళ్లు రెండు దారుల్లో నడిచారు. ఒకటి జనంలోకి వెళ్లడం. సభలు పెట్టారు, కరపత్రాలు పంచారు, మహిళా సంఘాల దగ్గరికీ కార్మిక సంఘాల దగ్గరికీ పోయి ఈ తీసివేత చేసి చూపించారు. రెండోది స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్లి ఈక్వలైజేషన్ బోర్డు ముందు లెక్కలు పెట్టడం. బోర్డు సభ్యులు ఈ ఆడవాళ్ల మాట ఓపిగ్గా విన్నట్టు నటించి పక్కన పడేశారు. అప్పుడు ఫెడరేషన్ కోర్టుకెక్కింది. కోరింది మాండమస్ రిట్. అధికారి తన విధి తాను చేయాలని కోర్టు ఆదేశించే ఈ రిట్ మన హైకోర్టుల్లోనూ అదే పేరుతో ఉంది, మన ఉద్యోగులకు బాగా తెలిసిందే. స్ప్రింగ్‌ఫీల్డ్ న్యాయస్థానం టీచర్ల పక్షాన తీర్పు చెప్పింది. బోర్డు అప్పీలుకు వెళ్లింది. 1901 అక్టోబరులో ఇల్లినాయ్ సుప్రీం కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. కేసు కాగితాల మీద కేథరిన్ గాగిన్ పేరుంది. తక్కువ జీతం తీసుకునే ఉద్యోగుల్లో ఒకరైన ఆమె పేరు మీద, అతి సంపన్నమైన కంపెనీలకు పన్ను వేయమని రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం చెప్పింది.

కథ అక్కడితో ముగియలేదు. కంపెనీలు ఫెడరల్ కోర్టుకు పరుగెత్తాయి. అక్కడ కేసు విన్న న్యాయమూర్తుల్లో పీటర్ గ్రాస్‌కప్ ఒకడు. గత భాగం చదివినవాళ్లకు ఆ పేరు గుర్తుండాలి. పుల్‌మన్ సమ్మె మీద ఇంజంక్షన్ ఇచ్చినవాళ్లలో ఆయనా ఉన్నాడు. ఇరవై లక్షలకు పైగా ఉన్న బకాయి ఆ కోర్టులో కరిగి సుమారు 6 లక్షల డాలర్లయింది. అందులో బడుల వాటాగా సుమారు రెండున్నర లక్షలు వచ్చాయి. కోర్టు మీద కోర్టు తిరిగి తెచ్చిన డబ్బు అది. పెంపు రద్దు చేసినప్పుడు బోర్డు చెప్పిన కారణం డబ్బు లేదని. ఇప్పుడు వచ్చింది కాబట్టి బకాయి ఇవ్వాలి కదా! బోర్డు ఆ డబ్బు తీసుకుని బొగ్గు బిల్లులకు, భవనాల మరమ్మతులకు ఖర్చు పెట్టడానికి తీర్మానం చేసింది.

టీచర్లు మళ్లీ కోర్టుకెళ్లారు, ఈసారి సొంత బోర్డు మీద. 1904లో న్యాయమూర్తి ఎడ్వర్డ్ డన్ తీర్పిచ్చాడు. ఇస్తానన్న జీతం ఇవ్వాల్సిందే, ఆ డబ్బు టీచర్లకే చెందాలి అన్నాడు. మరుసటి ఏడే డన్ నగర మేయరుగా గెలిచాడు. తర్వాత 1913లో రాష్ట్ర గవర్నరయ్యాడు.

ఈ నాలుగైదేళ్ల పోరులో ఫెడరేషన్‌కు తెలిసొచ్చిన విషయం ఒకటుంది. వాళ్లు నిజం నిరూపించగలరు, జనాన్ని ఒప్పించగలరు, కోర్టులో గెలవగలరు. కానీ ఎన్నికల్లో ఎవరినీ గెలిపించలేరు, ఓడించలేరు. ఓటు లేనివాళ్ల వినతిపత్రాన్ని ఏ శాసనసభ్యుడు చదువుతాడు? 1891లో ఇల్లినాయ్ మహిళలకు విద్యా పదవుల ఎన్నికల్లో ఓటిచ్చారు. అది షికాగోలో అక్కరకు రాలేదు, ఎందుకంటే అక్కడ విద్యా బోర్డు సభ్యులను ఎన్నుకోరు, మేయరు నియమిస్తాడు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. మన రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం శాసనమండలిలో పన్నెండో వంతు స్థానాలు ఉపాధ్యాయులు ఎన్నుకునేవి. టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికలొస్తే సంఘాల హడావుడి మనకు తెలుసు. అయితే ఆ ఓటు సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో కనీసం మూడేళ్లు పనిచేసినవాళ్లకే. ఒకటో తరగతిలో అ, ఆలు దిద్దించే టీచరుకు ఆ జాబితాలో చోటు లేదు. చదువు పునాది వేసేవాళ్లను ప్రతినిధుల ఎంపికకు దూరంగా ఉంచే ఈ ఏర్పాటు న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. షికాగో టీచర్ల కథ చదువుతుంటే ఆ అన్యాయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఓటు లేనివాళ్లు ఓటున్నవాళ్లతో చేతులు కలపాలని హేలీ వాదించింది. 1902 నవంబరులో ఫెడరేషన్, నగర కార్మిక సంఘాలన్నిటికీ ఉమ్మడి వేదికైన షికాగో ఫెడరేషన్ ఆఫ్ లేబర్‌లో చేరింది. బండ్లు తోలేవాళ్లు, ఇటుకలు పేర్చేవాళ్లు, కబేళాల్లో మాంసం కోసేవాళ్లు, వాళ్ల పక్కన చదువు చెప్పే టీచర్లు. దీన్ని సంఘంలోనే కొందరు జీర్ణించుకోలేకపోయారు. టీచరు గౌరవం మంటగలిసిందని పత్రికలు రాశాయి. హేలీ వాదన సూటిగా ఉండేది. మా గదుల్లో కూర్చునేది ఆ కార్మికుల పిల్లలే, ఆ పిల్లల బాగు కోరేవాళ్లే మాకు బంధువులు. పైగా పన్ను ఎగవేసే కంపెనీలకు, జీతాలు కోసే బోర్డుకు, సమ్మెలు అణిచే కోర్టులకు ఉన్న చుట్టరికం ఆమె కళ్లారా చూసింది.

ఆమె ఈ వాదనను దేశం ముందు పెట్టింది 1904లో, సెయింట్ లూయిస్‌లో జరిగిన నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ మహాసభలో. ఆ సంఘం పేరుకు టీచర్లందరిదీ. నడిపేది మాత్రం సూపరింటెండెంట్లు, కళాశాలల అధ్యక్షులు. మూడేళ్ల ముందు డెట్రాయిట్ సభలో హేలీ లేచి నిలబడి, బడులకు ధనికుల దానాలు కాదు, వాళ్లు కట్టాల్సిన పన్నులు కావాలని అడిగినప్పుడు, దేశ విద్యా కమిషనర్ విలియం హారిస్ అది ఆడవాళ్ల ఆవేశం అన్నట్టు కొట్టిపారేశాడు. ఈసారి వేదిక మీది నుంచే మాట్లాడే అవకాశం వచ్చింది. టీచర్లు సంఘం పెట్టుకోవడం ఎందుకు అన్నదే విషయం. చాలని జీతాలు, భద్రత లేని ఉద్యోగం, కిక్కిరిసిన తరగతులు అన్నీ చెప్పింది. అన్నిటికంటే గట్టిగా చెప్పింది బడిని ఫ్యాక్టరీగా మార్చడం గురించి. పైన కూర్చున్నవాడు ఆలోచిస్తాడు, కింద ఉన్నవాడు చెప్పింది చేస్తాడు అనే పద్ధతి బడిలోకి వస్తే, ఆలోచించడం నేర్పాల్సిన మనిషే ఆలోచన లేని యంత్రం అవుతుందని హెచ్చరించింది. యాప్‌లో ఫొటోలు ఎక్కించడంతోనే సగం పూట గడిచిపోతున్న మన టీచర్లకు ఈ మాటలో తమ బాధ కనిపిస్తుంది.

హేలీ భయపడ్డ పద్ధతి అప్పటికే షికాగోలో నడుస్తోంది. సూపరింటెండెంట్ ఎడ్విన్ కూలీ టీచర్లకు మార్కులు వేయించేవాడు. ప్రిన్సిపాల్ వేసిన ఆ మార్కులు రహస్యం. జీతం పెరగాలంటే ఆ మార్కులు కావాలి, ఎందుకు తక్కువ వేశారో అడగడానికి మాత్రం వీల్లేదు. ఫెడరేషన్ దీనిమీద ఏళ్ల తరబడి పోరాడింది. 1909లో కూలీ వెళ్లిపోయాక ఎల్లా ఫ్లాగ్ యంగ్ సూపరింటెండెంట్ అయింది. అమెరికాలో ఒక మహానగరం బడులన్నిటికీ ఒక మహిళ అధిపతి కావడం అదే మొదలు. ఆమె అదే నగరంలో టీచరుగా మొదలై, మెట్టు మెట్టు ఎక్కి, యాభై ఏళ్లు దాటాక తత్వవేత్త జాన్ డ్యూయీ దగ్గర డాక్టరేటు చేసింది. పాఠం ఎలా చెప్పాలన్నది పాఠం చెప్పేవాళ్లను అడిగి నిర్ణయించాలన్నది ఆమె నమ్మకం. 1910లో నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ అధ్యక్ష పదవికి ఆమెను నిలబెట్టి గెలిపించడంలో హేలీ ముందు నిలిచింది. ఆ పదవికీ తొలి మహిళ ఆమే.

బడి భూముల గొడవ కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఫెడరేషన్ మీద పత్రికలకున్న కోపానికి ఒక మూలం అందులో ఉంది. అమెరికాలో కొత్త ప్రాంతాలను సర్వే చేసినప్పుడు ప్రతి టౌన్‌షిప్‌లో పదహారో సెక్షన్‌ను, అంటే ఒక చదరపు మైలును, బడుల కోసం విడిచిపెట్టారు. షికాగోలో ఆ సెక్షన్ సరిగ్గా నగరం నడిబొడ్డున పడింది. బడులకు అదొక్కటి చాలు, శాశ్వతంగా బతికిపోయేవి. 1833లో, ఊరు ఇంకా బురద గుంటగా ఉన్న రోజుల్లో, దాదాపు అంతా 40 వేల డాలర్ల లోపు ధరకు అమ్మేశారు. మిగిలిన కొద్దిపాటి స్థలాలను లీజుకిచ్చారు. ఆ లీజుదారుల్లో ఒకటి షికాగో ట్రిబ్యూన్ పత్రిక. కొన్నేళ్లకోసారి భూమి విలువ మళ్లీ కట్టి అద్దె సవరించాలన్న షరతును 1895లో ట్రిబ్యూన్ లీజులోంచి తీసేశారు. దాంతో 1985 దాకా అదే అద్దె. కంచే చేను మేసిన ఈ వ్యవహారాన్ని ఫెడరేషన్ బయటపెట్టి, పోరాడింది. డన్ మేయరుగా ఉన్నప్పుడు నియమించిన బోర్డు ఈ లీజును రద్దు చేయించాలని కోర్టుకు వెళ్లింది కానీ గెలవలేదు. ఆ బోర్డులో ప్రసిద్ధ సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్ కూడా సభ్యురాలు. ట్రిబ్యూన్ సంపాదకీయాల్లో టీచర్ల సంఘానికి ఒక్క మంచి మాట దొరక్కపోవడం వెనక ఈ లీజు ఉందని ఫెడరేషన్ వాళ్లు అనేవాళ్లు. నాకు ఆ అనుమానం న్యాయమైనదే అనిపిస్తుంది.

1913లో ఇల్లినాయ్ మహిళలకు అధ్యక్ష ఎన్నికల్లో, నగర ఎన్నికల్లో ఓటు వచ్చింది. ఆ చట్టం మీద సంతకం చేసింది గవర్నర్ డన్. పెన్షన్ కోసం మొదలైన సంఘం ఓటు కోసం సాగిన ఉద్యమంలోనూ తన వంతు పని చేసింది. అదే ఏడు చివర్లో బోర్డులో ఒక వర్గం యంగ్‌ను తప్పించబోతే మహిళా సంఘాలు నగరాన్ని హోరెత్తించి ఆమెను తిరిగి కుర్చీలో కూర్చోబెట్టాయి. అప్పటికి ఆ ఆడవాళ్లు ఓటర్లు. బోర్డు స్వరం మారడానికి అది చాలింది.

దెబ్బ రెండేళ్ల తర్వాత తగిలింది. జేకబ్ లోబ్ అనే బోర్డు సభ్యుడు పెట్టిన తీర్మానాన్ని 1915 సెప్టెంబరు 1న బోర్డు ఆమోదించింది. కార్మిక సంఘాలతో అనుబంధం ఉన్న సంఘంలో గాని, టీచర్లు కానివాళ్లు కార్యకర్తలుగా ఉన్న సంఘంలో గాని ఏ టీచరూ సభ్యత్వం ఉంచుకోరాదు. తీర్మానంలో ఎవరి పేరూ లేదు, కానీ రెండో షరతు మార్గరెట్ హేలీ ఒక్కతె కోసం రాసిందేనని నగరమంతటికీ తెలుసు. పదిహేనేళ్లుగా ఆమె తరగతి గదిలో లేదు, సంఘం జీతం మీద పనిచేస్తోంది. కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది, బోర్డు మాటలు మార్చి తీర్మానాన్ని మళ్లీ తెచ్చింది. ఆ డిసెంబరులో యంగ్ పదవి వదిలేసింది. 1916 జనవరిలో కేథరిన్ గాగిన్ వీధిలో ట్రక్కు కింద పడి చనిపోయింది. పోరు తీవ్రమైన సమయంలో హేలీకి ఉన్న అతి పెద్ద అండ పోయింది.

అయినా ఆ ఏప్రిల్‌లోనే షికాగో సంఘాలు, పక్క ఊరు గ్యారీ సంఘం, మరికొన్ని కలిసి అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ అనే జాతీయ సంఘం పెట్టుకున్నాయి. అందులో షికాగో టీచర్స్ ఫెడరేషన్‌కు లోకల్ 1 అనే స్థానం దక్కింది. మగ హైస్కూలు టీచర్లది లోకల్ 2, మహిళా హైస్కూలు టీచర్లది లోకల్ 3. ఒకే నగరంలో టీచర్లకు మూడు సంఘాలు ఉండటం వాళ్ల బలహీనత. ప్రాథమిక, ఉన్నత పాఠశాలల మధ్య, ఆడ మగల మధ్య జీతాల తేడా ఆ గోడను కట్టింది. హేలీ ఆ గోడ కూల్చడానికి మనసు పెట్టలేదు. తన ప్రాథమిక టీచర్ల మాట పెద్దవాళ్ల గొంతుల్లో కలిసిపోతుందన్న భయం ఆమెది. అర్థం చేసుకోదగ్గ భయమే. కానీ దాని మూల్యం టీచర్లు ఇరవై ఏళ్లు కట్టారు.

1916 జూన్‌లో బోర్డు 68 మంది టీచర్లను తిరిగి నియమించలేదు. అప్పటి పద్ధతిలో నియామకం ఏడాదికేడాది జరిగేది. అంటే తీసేయడానికి కారణం చెప్పక్కర్లేదు, పేరు చదవకపోతే చాలు. ఆ 68 మందిలో 38 మంది ఫెడరేషన్ సభ్యులు, వాళ్లలో నాయకులూ ఉన్నారు. చాలామందికి పనితీరులో మంచి మార్కులే ఉన్నాయి. మిగతా సభ్యులు తమ జీతాల్లోంచి చందాలు వేసుకుని, తీసేసినవాళ్లను ఆదుకున్నారు. ఈ ఒక్క సంగతి చాలు, అది నిజమైన సంఘమని చెప్పడానికి.

కేసు మళ్లీ ఇల్లినాయ్ సుప్రీం కోర్టుకు వెళ్లింది. పదహారేళ్ల ముందు టీచర్ల కేసులో కంపెనీల మీద పన్ను వేయించిన కోర్టు, 1917 ఏప్రిల్‌లో బోర్డు పక్షాన నిలిచింది. ఎవరిని నియమించుకోవాలో, వద్దో బోర్డు ఇష్టం, కారణం చెప్పనక్కర్లేదు అంది. అదే వసంతంలో రాష్ట్ర శాసనసభ ఓటిస్ చట్టం చేసింది. మూడేళ్లు పరీక్షకాలం పూర్తిచేసిన టీచరును ఆరోపణ చూపకుండా, విచారణ జరపకుండా తీసేయడానికి వీల్లేదు. ఏళ్లుగా ఫెడరేషన్ అడుగుతున్న ఉద్యోగ భద్రత అదే. తీసేసిన టీచర్లు బడికి తిరిగి వచ్చారు. దానికి బదులుగా 1917 మేలో ఫెడరేషన్ కార్మిక సమాఖ్య నుంచి, తాను పుట్టించిన జాతీయ సంఘం నుంచి బయటికి వచ్చింది. అప్పుడే నడవడం మొదలెట్టిన ఆ జాతీయ సంఘం సభ్యుల్లో సగం మందిని ఒక్క దెబ్బకు పోగొట్టుకుంది.

దీన్ని ఓటమి అని రాసిన చరిత్రకారులున్నారు. నేను అలా అనలేను. 38 కుటుంబాలకు తిండి పెట్టే ఉద్యోగాలు ఒక పక్క, కార్మిక సంఘంతో పదిహేనేళ్ల బంధం ఇంకో పక్క పెట్టి ఎంచుకోమంటే, తన సభ్యుల ఉద్యోగాలను నిలబెట్టుకున్న సంఘాన్ని తప్పుపట్టడం ఎలా? అయితే పోగొట్టుకున్నది చిన్నది కాదు. కార్మికుల ఓటు బలం వెనక లేని ఫెడరేషన్ మళ్లీ ఎన్నడూ 1901 నాటి ఎత్తుకు చేరలేదు. హేలీ 1939లో చనిపోయేదాకా పన్ను లెక్కలు తవ్వుతూనే ఉంది.

ఓటిస్ చట్టం ఉద్యోగానికి భద్రత ఇచ్చింది కానీ జీతానికి ఇవ్వలేదు. ఆర్థిక మాంద్యం వచ్చాక షికాగో నగరం టీచర్లకు నెలల తరబడి నగదు జీతం ఇవ్వడం మానేసి, బజారులో పూర్తి విలువకు చెల్లని ప్రామిసరీ కాగితాలు చేతిలో పెట్టింది. 1933 ఏప్రిల్‌లో వేలమంది టీచర్లు నగరంలోని పెద్ద బ్యాంకుల మీదికి ఊరేగింపుగా వెళ్లారు. వాళ్లకు ముందు నడిచినవాడు జాన్ ఫ్యూక్స్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు. నాలుగేళ్ల తర్వాత విడివిడి సంఘాలను కలిపి నేటి షికాగో టీచర్స్ యూనియన్‌ను నిలబెట్టింది ఆయన తరం వాళ్లే. లోకల్ 1 అనే పాత సంఖ్య ఆ కొత్త సంఘానికి దక్కింది. ఆ కథ వచ్చే భాగంలో.

(సశేషం)